మోటారు సైకిలు కదలనప్పుడు: బ్యాటరీని గూర్చి కొన్ని మాటలు

ప్రతి ఉదయము ఎనిమిది గంటల వేళ మన బోయిన్‌పల్లి వీధులలో నిలిచి చూచినవారికి మోటారు సైకిళ్ల వరుసలు కానవచ్చును. ముందు తండ్రి, నడుమ చిన్నవాడు, వెనుక పుస్తకముల సంచితో అక్క. ఇట్లు ఒక్కొక్క కుటుంబము ఒక్కొక్క బండిమీద బడికి వచ్చుచుండును. హస్మత్‌పేట నుండి వచ్చువారికిని, తాడ్‌బండు మీదుగా సికింద్రాబాదునకు పోవువారికిని, తెల్లవారకమునుపే కూరగాయల మార్కెటు చేరవలసినవారికిని ఆ బండియే ఆధారము. అట్టి బండి ఒకనాడు వాకిట మొండికెత్తి నిలిచినయెడల పిల్లవాని హాజరు పోవును. తండ్రి దినకూలి పోవును. ఆ మీదట కారణ మెరుగక చేయించిన మరమ్మతునకు ధనమును పోవును. మొదటి రెండు నష్టములు ఒక్కొక్కప్పుడు తప్పవు. మూడవదానిని తప్పించుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది. ఆ మార్గమును తెలుపుటకే ఈ వ్యాసము.

మా తప్పు

ఇతరులకు బోధించుటకు ముందు మా తప్పును మేమే చెప్పుకొనుట న్యాయము. మేము చాల సంవత్సరములుగా పై తరగతులకు విద్యుత్తు పాఠము చెప్పుచున్నవారము. ఘటము బొమ్మను నల్లబల్లమీద కన్నులు మూసికొని గీయగలము. అయినను కొన్నియేండ్ల క్రిందట, మార్చి నెలలో, పదియవ తరగతి పబ్లిక్ పరీక్షల మొదటిదినమున మా బండియే మమ్ము పరీక్షించినది.

ఆనాడు మేము వేరొక పాఠశాలలో పర్యవేక్షణకు పోవలసియుండెను. తాళము త్రిప్పి సెల్ఫు మీట నొక్కగా ‘టక్’ మని యొక చప్పుడు వచ్చి అంతటితో ఊరకుండెను. మరల నొక్కితిమి, మరల అదే చప్పుడు. పిమ్మట కిక్కు కొట్టనారంభించితిమి. చొక్కా తడిసినది గాని బండి పలుకలేదు. ఇరుగుపొరుగువారు చేరి తలకొక మాట చెప్పిరి. ఒకరు ప్లగ్గు చెడినదనిరి; ఒకరు పెట్రోలులో నీరు చేరినదనిరి; ఇంకొకరు బండి ముసలిదైనది, అమ్మివేయుడనిరి. తుదకు ఆటో నెక్కి, గంట కొట్టుటకు రెండు నిమిషములు ముందుగా పరీక్షాకేంద్రము చేరితిమి. మా చేతిలోని ప్రశ్నపత్రముల కొరకు ఎదురుచూచుచున్న పిల్లల ముఖములను తలచుకొన్నప్పుడు ఇప్పటికిని సిగ్గగును.

ఆ సాయంకాలమే, ఏ పరీక్షయు చేయక, క్రొత్త బ్యాటరీని కొంటిమి. అంగడివారు పాతదానిని తీసికొని వెలలో కొంత తగ్గించిరి. పని తీరినదని సంతోషించితిమి. మూడు వారములు గడవకమునుపే, బడి విడిచిన వేళ, గేటు ముందర, పిల్లలందరు చూచుచుండగా బండి మరల ‘టక్’ మనెను. అప్పుడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు దగ్గరకు వచ్చి, మెల్లగా ఇట్లు అడిగెను: “సార్, బ్యాటరీ కరెంటును పుట్టించదు, దాచిపెట్టుకుంటదని మీరే చెప్పినారు గదా. దాంట్లకు కరెంటు వస్తున్నదా లేదా చూసినారా?”

మేము చూడలేదు. ఆ బాలుని మేనమామ బండ్లు బాగుచేయు మేస్త్రి. ఆయన దుకాణమునకు బండిని త్రోసికొని పోతిమి. ఆయన మల్టీమీటరు తీగలను బ్యాటరీకి తగిలించి, మరియొక బ్యాటరీ సహాయముతో ఇంజను నడిపించి, అంకెను మాకు చూపెను. ఇంజను ఎంత వేగముగా తిరిగినను ఆ అంకె పెరుగలేదు. “బ్యాటరీది తప్పేం లేదు సార్. దానికి తిండి పెడ్తలేరు, పని మాత్రం చెయ్యమంటున్రు” అని ఆయన నవ్వెను. చెడినది బ్యాటరీ కాదు. ఇంజను పుట్టించు విద్యుత్తును సరిచేసి బ్యాటరీకి పంపు రెక్టిఫయరు. దానిని మార్చుటకైన వ్యయము బ్యాటరీ వెలలో సగము కూడ కాలేదు. మొదట మేము అంగడిలో విడిచివచ్చిన పాత బ్యాటరీ మంచిదో చెడ్డదో ఇప్పు డెవరు చెప్పగలరు?

బ్యాటరీ యనగా నేమి?

బాలుడు అడిగిన ప్రశ్నలోనే విషయమంతయు నున్నది. బ్యాటరీ ధాన్యపు గాదె వంటిది. గాదె పంట పండించదు. పండినదానిని దాచి, అక్కరకు వచ్చినప్పుడు ఇచ్చును. మోటారు సైకిలులో పంట పండించునది ఇంజనుతోపాటు తిరుగు అయస్కాంతమును దాని ప్రక్కనున్న తీగచుట్టయు. ఆ చుట్టలో పుట్టిన విద్యుత్తును రెక్టిఫయరు ఒకే దిశకు మరలించి, మితిమీరకుండ కట్టడిచేసి, గాదెలో పోయును.

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడగు గాస్టన్ ప్లాంటే కనుగొనెను. మరల మరల నింపి వాడుకొనదగిన బ్యాటరీలలో ఇదియే మొదటిది. అప్పటినుండి ఎన్నియో మార్పులు జరిగినను మూలసూత్రము మారలేదు. మన బండి బ్యాటరీలో ఆరు గదులు కలవు. ఒక్కొక్క గదిలో సీసపు పలకలును, సీసపు ఆక్సైడు పూసిన పలకలును, వాని నడుమ నీరు కలిపిన గంధకికామ్లమును ఉండును. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము మించి యిచ్చును గాన, ఆరును కలిసి పండ్రెండు వోల్టుల బ్యాటరీ యనబడుచున్నది. విద్యుత్తు వెలికి వచ్చునప్పుడు రెండు విధములైన పలకలును సీసపు సల్ఫేటుగా మారును, ఆమ్లము పలుచనగును. విద్యుత్తును లోనికి పంపినప్పుడు పలకలు తమ మొదటి రూపమును పొందును. అయితే ఖాళీయైన బ్యాటరీని వారములకొలది అట్లే విడిచినయెడల ఆ సల్ఫేటు గట్టిపడి పలకలను పట్టుకొనును. పిమ్మట ఎంత నింపినను అది పూర్వపు బలమునకు రాదు.

ఈ గాదె ఎంత చిన్నదో పిల్లలు లెక్క వేసి చూడవలెను. మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెటులో మిగిలిన కుళ్లు కూరగాయలనుండి విద్యుత్తు తీయు కర్మాగారమును గూర్చి 2021 జనవరి 31వ తేదీన ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో ముచ్చటించిరి. దినమునకు ఇంచుమించు 10 టన్నుల వ్యర్థమునుండి 500 యూనిట్లు వచ్చుచున్నవని నాటి లెక్క. 12 వోల్టుల, 5 ఆంపియరు గంటల బండి బ్యాటరీలో నిండుగ నున్నప్పుడు 60 వాటు గంటలు మాత్రమే పట్టును. ఒక యూనిటనగా 1000 వాటు గంటలు. కాగా ఆ మార్కెటులోని ఒక దినపు పంటను దాచుటకు ఇట్టి బ్యాటరీలు ఎనిమిది వేలకు పైగా కావలెను. ఇంత చిన్న గాదెనుండియే సెల్ఫు మోటారు ఒక్క పెట్టున ముప్పది నలువది ఆంపియర్లు లాగును.

ఇంకొక లెక్క. నలువది ఆంపియర్ల చొప్పున ఐదు సెకనులు మీట నొక్కితిమనుకొనుడు. బ్యాటరీలో నూటికి ఒక వంతు పోవును. దానిని ఒక ఆంపియరు చొప్పున తిరిగి నింపుటకు మూడు నాలుగు నిమిషములు బండి నడువవలెను. మా యింటినుండి బడికి మూడు నిమిషముల దారి. అందులో లైటు, హారను, సిగ్నలు దీపములు తమ పాలు తాము తినును. దినమునకు నాలుగుమారులు మీట నొక్కి మూడేసి నిమిషములు నడుపువాని బ్యాటరీ, రాబడికి మించి ఖర్చుచేయు సంసారమువలె, నానాటికి క్షీణించును. రెక్టిఫయరు బాగుగనున్న బండ్లలో సహితము బ్యాటరీ చచ్చుటకు ఇది యొక ముఖ్యకారణము.

వరుసగా పరీక్షించుట

బండి కదలనప్పుడు మొదట చేయవలసినది మీటను వదలుట. పదేపదే నొక్కినకొలది మిగిలిన కొంచెము శక్తియు పోవును. పిమ్మట ఈ వరుసను పాటింపవలెను.

మొదటిది, బ్యాటరీతో సంబంధము లేని చిన్న కారణములను తొలగించుకొనవలెను. కుడి చేతి వద్దనున్న ఎఱ్ఱని ఇంజను స్విచ్చి ఆపియున్నదేమో చూడుడు. పిల్లలు ఆటగా నొక్కిపోవుట కలదు. సైడు స్టాండు దిగియున్నను, గేరు పడియుండగా క్లచ్చి పట్టకున్నను కొన్ని బండ్లు కదలవు. టాంకులో పెట్రోలు ఉన్నదా యని చూచుటకు సిగ్గుపడనక్కరలేదు.

రెండవది, చప్పుడును వినవలెను. ఒక్క ‘టక్’ గాని, వడివడిగా ‘టకటక’ యని గాని వినబడి ఇంజను తిరుగనిచో బ్యాటరీ బలహీనమని గాని, దాని కొనలు వదులైనవని గాని తలపవచ్చును. ఏ చప్పుడును లేక, మీటరు దీపములును వెలుగకున్న ఫ్యూజు పోయియుండవచ్చును, లేక కొన ఊడియుండవచ్చును. సెల్ఫు మోటారు చురుకుగా తిరుగుచున్నను ఇంజను అందుకొనకున్న బ్యాటరీని నిందింపరాదు. ప్లగ్గును, పెట్రోలు దారిని చూడవలెను. ఈ మూడవ గుర్తును గమనింపక మంచి బ్యాటరీలను మార్చినవారు పెక్కుమంది కలరు.

మూడవది, హారను మ్రోగించి చూడవలెను. కంఠము బొంగురుపోయినట్లు సన్నగ మ్రోగినయెడల బ్యాటరీ అడుగంటినదని గుర్తు. పూర్వము పెద్దలు ముందు దీపమును చూచి చెప్పెడివారు. కాని 2017 ఏప్రిలు 1వ తేదీ మొదలు మన దేశమున క్రొత్త ద్విచక్ర వాహనములకు ముందు దీపము ఎల్లప్పుడు వెలుగునట్లుండవలెనని నియమము వచ్చినది. అట్టి బండ్లలో పెక్కింటికి ఇంజను తిరిగిన పిమ్మటనే ఆ దీపము వెలుగును. కావున దీపము లేదని బెదరక, హారనును సిగ్నలు దీపములను నమ్ముట మేలు.

నాలుగవది, బ్యాటరీ కొనలను చూడవలెను. సీటు క్రిందనో, ప్రక్క మూతలోనో బ్యాటరీ యుండును. కొనలమీద తెల్లని లేక పచ్చని బూడిద వంటిది పేరుకొన్నయెడల విద్యుత్తు సరిగా పారదు. తీగలను విప్పునప్పుడు మొదట నల్లనిదానిని, తరువాత ఎఱ్ఱనిదానిని విప్పవలెను; బిగించునప్పుడు మొదట ఎఱ్ఱనిది, తరువాత నల్లనిది. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి, బట్టతో తుడిచి, ఆరబెట్టి, కొంచెము వాసెలైను పూసి బిగింపవలెను. చాలమారులు ఈ పావుగంట పనితోనే బండి కదలును. కాసు ఖర్చు లేదు.

ఐదవది, మల్టీమీటరుతో మూడు కొలతలు తీయవలెను. బండి కొన్ని గంటలు ఊరకున్న పిమ్మట 12.6 వోల్టులు గాని ఆ పైన గాని యున్న బ్యాటరీ నిండుగ నున్నదని అర్థము. 12.2 ఉన్న సగము. 12 కంటె తగ్గిన దాదాపు ఖాళీ. సెల్ఫు నొక్కునప్పుడు అంకె 9.5 కంటె క్రిందికి పడిన బ్యాటరీ భారమును మోయలేకున్నదని తెలిసికొనవలెను. ఇంజను నడుచుచు, యాక్సిలరేటరును కొంచెము త్రిప్పినప్పుడు అంకె 13.5 మొదలు 14.5 వరకు రావలెను. రానిచో తప్పు చార్జింగులో నున్నది. 15 దాటినచో రెక్టిఫయరు కట్టడి తప్పినది; అది బ్యాటరీని ఉడికించి చంపును. ఈ మూడవ కొలతను ఆనాడే తీసియున్న మాకు ఒక బ్యాటరీ ఖర్చు తప్పెడిది.

ఆ పూటకు గడచుట ఎట్లు?

పాత కార్బురేటరు బండియైన కిక్కు కొట్టవచ్చును. తోడుండినయెడల తాళము త్రిప్పి, రెండవ గేరు వేసి, క్లచ్చి పట్టి, బండిని త్రోయించి, వేగము అందిన తరువాత క్లచ్చిని వదలవచ్చును. ఈ పని రద్దీ వీధిలో చేయరాదు. బెల్టుతో నడుచు గేరులేని స్కూటర్లు ఎంత త్రోసినను అందుకొనవు.

2020 ఏప్రిలు 1వ తేదీనుండి వచ్చిన బి.ఎస్. 6 నియమముల తరువాతి బండ్లలో మిక్కిలి భాగము ఫ్యూయెల్ ఇంజెక్షను బండ్లు. వానిలో పెట్రోలును పంపు పంపునకును, ఇంజనును ఏలు చిన్న కంప్యూటరునకును విద్యుత్తు కావలెను. బ్యాటరీ పూర్తిగా చచ్చినచో అట్టి బండ్లలో అనేకము కిక్కునకు గాని త్రోపునకు గాని లొంగవు. కొన్నింటికి కిక్కు కాడయే లేదు. వానికి మరియొక 12 వోల్టుల బ్యాటరీ ఆసరా కావలెను. ఎఱ్ఱ తీగను ఎఱ్ఱ కొనకు, నల్ల తీగను మంచి బ్యాటరీ నల్ల కొననుండి కదలని బండి ఇంజను లోహమునకు తగిలింపవలెను. తీగలు తారుమారైన ఫ్యూజు మాత్రమే గాక వెల గల భాగములు కాలిపోవును. అలవాటు లేనివారు మేస్త్రిని పిలుచుటయే మేలు.

బండి కదిలిన వెంటనే పని ముగిసినదని తలపరాదు. బ్యాటరీని చార్జరునకు తగిలించి, దాని సామర్థ్యములో పదియవ వంతు చొప్పున నింపవలెను. 5 ఆంపియరు గంటల బ్యాటరీకి అర ఆంపియరు చొప్పున పది పండ్రెండు గంటలు పట్టును. తొందరపడి ఎక్కువ ప్రవాహము పంపిన పలకలు చెడును. నింపునప్పుడు హైడ్రోజను వాయువు వెలువడవచ్చును గనుక గాలి ఆడు చోట నుంచి, నిప్పును దగ్గరకు రానీయకూడదు.

కాపాడుకొనుట

ఎండ బ్యాటరీకి శత్రువు. మన యూరి వేసవిలో నలువది డిగ్రీలు దాటిన యెండలో నిలిపిన బండి బ్యాటరీ ఆయుస్సు తరుగును. దాని దోషము మాత్రము డిసెంబరు చలి ఉదయమున బయటపడును. నీడలో నిలుపుట చాల సులభమైన చికిత్స. మూతలు గల పాతరకపు బ్యాటరీలో మట్టము తగ్గినప్పుడు స్వేదన జలమునే పోయవలెను. కుళాయి నీటిలోని లవణములు పలకలను చెరచును. మూతలేని బ్యాటరీని తెరువ యత్నింపరాదు.

సెలవులలో ఊరికి పోవువారు బండిని మూలనుంచి మరచిపోవుదురు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌను వచ్చినప్పుడు ఎన్నియో బండ్లు నెలల తరబడి కదలక నిలిచినవి. తిరిగి బయటకు తీసినప్పుడు బ్యాటరీ పలుకని యిండ్లు వీధివీధిన కనబడినవి. నెలకు మించి బండి నిలుపవలసినప్పుడు నల్ల తీగను విప్పి యుంచవలెను. సెలవు లేని దినములలో వారమునకు ఒకమారైన అరగంట ఎడతెగక నడుపవలెను. వాకిట నిలిపి రెండు నిమిషములు ఇంజను తిరుగనిచ్చుట వలన లాభము లేదు. మీట నొక్కినప్పుడు పోయినదే తిరిగి రాదు.

నిజముగా ఆయువు తీరిన బ్యాటరీని ఇంటిలో నుంచుకొనరాదు. సీసము విషము; ముఖ్యముగా చిన్నపిల్లల మెదడునకు హాని చేయును. బాలురారా, పాత బ్యాటరీని పగులగొట్టి సీసము తీసి గుండ్లు చేసికొనుట వంటి ఆటలు ఎన్నడును ఆడకుడు. ఆమ్లము చర్మమున పడిన వెంటనే చాల నీటితో కడుగుడు. కంటిలో పడిన ఎడతెగక కడిగి ఆసుపత్రికి పరుగెత్తుడు. 2022లో కేంద్ర ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యత తయారీదారులది. మీ తండ్రులు క్రొత్తది కొనునప్పుడు పాతదానిని అంగడిలో ఇచ్చి రసీదు తీసికొనుమని చెప్పుడు. అయితే అది నిజముగా పాడైనదా యని మొదట కొలిపించుడు.

ఆ తొమ్మిదవ తరగతి బాలుడు నాడు క్రొత్త సంగతి యేదియు చెప్పలేదు. మేము చెప్పిన పాఠమునే మాకు తిరిగి చెప్పెను. నల్లబల్లమీది ఘటమును, సీటు క్రిందనున్న డబ్బాను ఒకటేయని వాడు ఎరిగియుండెను, మేము మరచితిమి. అప్పటినుండి ఆ పాఠము వచ్చినప్పుడు మేము బొమ్మ గీయుటతో ఆపక, పిల్లలను గేటు వద్దకు తీసికొనిపోయి, మా బండి మూత విప్పి, మీటరు వారి చేతికే ఇచ్చుచున్నాము. మూడు కొలతలును వారే తీసి పుస్తకములో వ్రాసికొందురు. పోయిన యేడు అట్లు వ్రాసికొన్న బాలిక యొకతె ఇంటికి పోయి తండ్రి బండిని పరీక్షించి, కొన వదులైనదని చెప్పి, బిగింపించినదట. ఆయన మరునాడు కూరగాయల మార్కెటునకు వేళకే చేరినాడట. ఆ మాట విన్న దినమున మేము మా బ్యాటరీ వెలను మరచితిమి.